సర్కారు కాలేజీ పిల్లలకు ఎంబీబీఎస్‌లో వాటా కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ఆదిలాబాద్ జిల్లా ఏజెన్సీలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పదహారేళ్లుగా జువాలజీ చెప్తున్నాను. ఇన్నేళ్లలో నా దగ్గర బైపీసీ చదివి ఎంబీబీఎస్ సీటు తెచ్చుకున్నవాళ్లు ఇద్దరంటే ఇద్దరు. ఆ ఇద్దరూ ఇంటర్ అయ్యాక లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్లినవాళ్లే, ఒకరి తండ్రి అందుకోసం ఎడ్లజత అమ్మాడు.

రెండేళ్ల కింద ఒక గోండు అమ్మాయి ఇంటర్‌లో వెయ్యికి 958 మార్కులు తెచ్చుకుంది. ఇంట్లో గోండీ, బడిలో తెలుగు, ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష నీట్ దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు. ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఇస్తారు, నిజమే, కానీ ఆ అనువాదంలో తెలుగు అకాడమీ పుస్తకాల మాటలు కనబడవు, పైగా రెండింటికీ తేడా వస్తే ఇంగ్లీషులో ఉన్నదే చెల్లుతుందని నిబంధన. నీట్‌లో 180 ప్రశ్నలకు 45 ఫిజిక్స్‌వి. ఆ సంవత్సరం మా ఫిజిక్స్ గెస్ట్ లెక్చరర్ నవంబర్‌లో వచ్చారు. అయినా ఆ పిల్ల కొద్ది మార్కుల్లోనే సీటు పోగొట్టుకుంది. ఎస్టీ కోటా ఉంది కదా అంటారేమో, ఉంది, కానీ ఆ కోటాలో ఆమె పోటీ పడాల్సింది హైదరాబాద్‌లో రెండేళ్లు, మూడేళ్లు కోచింగ్ తీసుకున్న ఉద్యోగుల పిల్లలతో. లాంగ్ టర్మ్‌కు హాస్టల్‌తో కలిపి లక్ష దాటుతుందన్నారు. "సార్, ఇంకో ఏడాది చదివితే తప్పకుండా వస్తదా?" అని వాళ్లమ్మ అడిగింది. వస్తదని మాట ఇవ్వలేకపోయాను, ఇప్పటికీ అది నన్ను బాధపెడుతూనే ఉంది. అమ్మాయి నర్సింగ్‌లో చేరింది. నర్సింగ్ తక్కువ చదువని అనను, కానీ ఆమె కోరుకున్నది అది కాదు.

తెలంగాణ వచ్చిననాడు మనకు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఐదు. 2022లో ఒక్కరోజే ఎనిమిది ప్రారంభించారు, ఆ తర్వాత దాదాపు ప్రతి జిల్లాకూ ఒకటి వచ్చింది. సంతోషమే. కానీ జిల్లాకు కాలేజీ రావడం వేరు, ఆ జిల్లా సర్కారు బడిలో చదివిన పిల్ల అందులో కూర్చోవడం వేరు.

సర్కారు పిల్లలకు ఎంబీబీఎస్‌లో విడిగా వాటా ఇచ్చే పని తమిళనాడు 2020లోనే చేసింది. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివి నీట్‌లో అర్హత తెచ్చుకున్న పిల్లలకు ఏడున్నర శాతం సీట్లు, అదీ కులాల కోటాలను తగ్గించకుండా ప్రతి కోటా లోపలే. అంతకు ముందు ఏడాది ప్రభుత్వ బడి నుంచి సీటు తెచ్చుకున్నవాళ్లు రాష్ట్రమంతటా ఆరుగురని అక్కడి ప్రభుత్వమే చెప్పింది, చట్టం వచ్చిన మొదటి ఏడాదే మూడు వందలకు పైగా ఎంబీబీఎస్ సీట్లు వాళ్లకు కేటాయించారు. మొదటి కౌన్సెలింగ్‌లో కొందరు ప్రైవేటు కాలేజీలో సీటు వచ్చీ ఫీజు కట్టలేక వదులుకున్నారు, అప్పుడు ఫీజు, హాస్టల్ ఖర్చు తామే భరిస్తామని ప్రభుత్వం ముందుకొచ్చింది. మనం చేస్తే ఫీజు సంగతి మొదటి రోజే తేల్చాలి. కోర్టులో నిలబడదని ఇక్కడ భయపెడతారు గానీ మద్రాసు హైకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆ చట్టాన్ని సమర్థించింది.

మెరిట్ పోతుందని కూడా అంటారు. మేనేజ్‌మెంట్ కోటాలో ఎంతో తక్కువ మార్కులకు ఏడాదికి లక్షలు కట్టి చేరుతున్నప్పుడు ఎవరూ ఈ మాట ఎత్తరు. సర్కారు పిల్లలు కూడా నీట్ పాసయ్యే వస్తారు, అందరూ రాసే ఎంబీబీఎస్ పరీక్షలే రాస్తారు. మా ఏజెన్సీలో ఒక ముసలమ్మ కడుపులో ఎక్కడ, ఎప్పటినుంచి నొప్పి ఉందో గోండీలో చెప్తుంటే, అర్థంకాక మనవడి కోసం ఎదురుచూసిన డాక్టరును నేను చూశాను. ఆ డాక్టరు మంచివారే. భాష రాదు, అంతే.

ఇది మనకు కొత్త పద్ధతి కూడా కాదు. 2008లో పెట్టిన బాసర లాంటి ట్రిపుల్ ఐటీల్లో ప్రభుత్వ బడి పిల్లలకు పదో తరగతి స్కోరుకు కొంత కలిపి సీట్లు ఇస్తున్నారు, అదీ హాస్టల్ లేని బడుల్లో చదివినవాళ్లకే. ఆ షరతు ఇక్కడా ఉండాలని నా అభిప్రాయం. గౌలిదొడ్డి లాంటి గురుకులాల్లో, అంటే హాస్టల్ ఉండే సర్కారు విద్యాసంస్థల్లో, మంచి కోచింగ్ ఉంది, అక్కడి పిల్లలు ఎంబీబీఎస్‌కు వెళ్తున్నారు, వాళ్లను చూస్తే నాకు గర్వంగా ఉంటుంది. కానీ ఒకే కోటాలో అందరినీ కలిపితే రోజూ బస్సులో వచ్చిపోయే మా పిల్లలకు మళ్లీ ఏమీ మిగలదు. మా పిల్లలకు విడిగా కొంత ఉంచాలి, మండలానికి ఒక కాలేజీలోనైనా సాయంత్రం నీట్ క్లాసులు పెట్టాలి. మాకు చెప్పమంటే మేమే చెప్తాం.

ఎవరు ఎక్కడ చదివారో తేల్చడానికి కొత్త కాగితం కూడా అక్కర్లేదు. లోకల్ అవునో కాదో తేల్చడానికి కౌన్సెలింగ్‌లో బడి, ఇంటర్ స్టడీ సర్టిఫికెట్లు ఇప్పటికే తీసుకుంటున్నారు. ఆ కాగితాలు చూసి, గత ఐదేళ్లలో ప్రభుత్వ జూనియర్ కాలేజీల నుంచి ఎంతమందికి ఎంబీబీఎస్ సీటు వచ్చిందో జిల్లాలవారీగా లెక్క బయటపెట్టమని మీ పత్రిక ఆరోగ్య విశ్వవిద్యాలయాన్ని అడగాలని కోరుతున్నాను. మా కాలేజీ లెక్క పైన రాశాను.

– ఒక జువాలజీ లెక్చరర్, ఆదిలాబాద్ జిల్లా