కొత్త సంవత్సరంలో మా బైండింగ్ పని: మీకు చెప్పవలసిన సంగతులు

మా కస్టమర్లందరికీ నమస్కారం.

డిసెంబరు పొడవునా మీలో చాలామంది మొహమాటపడుతూనే ఒక మాట అడిగారు: బైండింగ్ పని మానేస్తున్నారా అని. మానేయడం లేదు. అయితే ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే అది సగం జవాబే అవుతుంది కనుక, ఏం జరిగింది, ఇప్పుడు మేము ఏ స్థితిలో ఉన్నాము, మీ పుస్తకాలు ఎప్పటికి మీ చేతికి వస్తాయి అన్నవి ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

అక్టోబరు చివరలో ఒక రాత్రి మా పై అంతస్తులో నీటి గొట్టం పగిలింది. తెల్లవారి షట్టరు ఎత్తేసరికి కింది అరల్లోని కాగితం రీములు, అట్టలు, డైరీల కోసం అచ్చువేయించి మడత పెట్టి ఉంచుకున్న ఫారాలు (కుట్టడానికి సిద్ధంగా మడిచిన పేజీల కట్టలు), వాటితో పాటు మరమ్మతుకు మీరు అప్పగించిన పుస్తకాల్లో కొన్ని నీళ్ళలో నానుతున్నాయి. బాధ్యత ఎవరిదన్న వాదన ఇంకా నడుస్తోంది. దాన్ని ఇక్కడికి లాగను. దెబ్బ ఎంత గట్టిదో తెలియాలంటే మాత్రం మా లెక్క కొంత చెప్పాలి. మా ఏడాది సంపాదనలో పెద్ద వాటా చివరి రెండు నెలల్లో అమ్ముడయ్యే డైరీల నుంచే వస్తుంది, మిగతా నెలల అద్దె, జీతాలు చాలావరకు ఆ డబ్బుతోనే గడుస్తాయి. తేదీలు అచ్చయిన డైరీని ఆలస్యంగా అమ్ముకునే వీలు లేదు, జనవరి దాటితే అది చిత్తు కాగితమే. అంటే సరుకు పోవడమే కాదు, దాన్ని మళ్ళీ తయారుచేసి అమ్ముకునే సీజను కూడా పోయింది.

బీమా వాళ్ళు యంత్రాలకు, కాగితానికి విలువ కట్టి కొంత చెల్లించారు. మీ పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి పాత పుస్తకానికి మార్కెట్ ధర ఎంతో అంతే అన్నారు. తాతగారు అంచుల్లో తన అభిప్రాయాలు రాసుకున్న పుస్తకానికి మార్కెట్‌లో ధర ఏముంటుంది? వాళ్ళ పద్ధతి తప్పని నేను అనను, కానీ ఆ కాగితం చూపించి మీకు సమాధానం చెప్పుకోలేము. అందుకే ఉన్న చేతులనూ ఉన్న డబ్బునూ ముందు మీ పుస్తకాలకే పెట్టాము, డైరీలను వదులుకున్నాము. వ్యాపారం తెలిసినవారు కొందరు ఇది తెలివైన పని కాదన్నారు, ఆదాయం వరకు చూస్తే వాళ్ళు చెప్పింది నిజమే.

తడిసిన పుస్తకానికి వ్యవధి చాలా తక్కువ. వెచ్చగా, తేమగా ఉన్న గదిలో రెండు మూడు రోజులకే బూజు మొదలవుతుంది. ఒకేసారి అన్నిటినీ ఆరబెట్టడం సాధ్యం కాదు కనుక కొన్నిటిని విడివిడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టించాము. గడ్డకట్టిన పుస్తకంలో బూజు ఎదగదు, మనకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. మిగతావాటిని నిలబెట్టి, పేజీల మధ్య అద్దుడు కాగితాలు పెట్టి, అవి నానగానే మారుస్తూ, వేడి తగలనీయకుండా ఫ్యాను గాలికే ఆరబెట్టాము. అన్నిటికంటే మొండిది నున్నటి ఆర్ట్ పేపర్. దాని పూత తడిసి ఆరిందంటే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి పలకలా తయారవుతాయి, ఆ తరువాత విడదీయబోతే అచ్చు ఊడి వస్తుంది. అలా మా చేయి దాటిపోయినవి కొన్ని ఉన్నాయి. వాటి యజమానులతో విడిగా మాట్లాడాము, ఆ మాటలు మాకు తేలికగా రాలేదు.

నవంబరులో మాకు స్థలం చాలనప్పుడు మీలో కొందరు వచ్చి, మీ పుస్తకాలను మీరే ఇంటికి తీసుకెళ్ళి ఆరబెడతామన్నారు. 1988 ఫిబ్రవరిలో రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) సైన్స్ అకాడమీ గ్రంథాలయం తగలబడినప్పుడు, మంటలార్పిన నీళ్ళకు తడిసిన పుస్తకాలను నగరవాసులు ఇళ్ళకు పట్టుకెళ్ళి ఆరబెట్టి తిరిగి తెచ్చి ఇచ్చారని ఈ వృత్తిలో చెప్పుకుంటాము. అంత పెద్ద కథ మన చిన్న షాపుకు అతకదేమో గాని, ఆ రోజుల్లో నాకు గుర్తొచ్చింది అదే. పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయిని తన భర్తగారి పాఠాల నోటుపుస్తకాన్ని తీసుకెళ్ళి డిసెంబరులో తిరిగి తెచ్చారు. ప్రతి అద్దుడు కాగితం మూలన, దాన్ని ఏ పూట మార్చారో చిన్న అక్షరాలతో రాసి ఉంది. ఫౌంటెన్ పెన్ సిరా చాలా పేజీల్లో కరిగి నీలి మరకలుగా పాకింది. ఆయన పెన్సిలుతో గీసుకున్న గీతలు, పక్కన రాసుకున్న మాటలు మాత్రం చెక్కుచెదరలేదు, ఎందుకంటే గ్రాఫైటు నీళ్ళలో కరగదు. "సిరాతో రాసినవి పిల్లల కోసం, పెన్సిలుతో రాసినవి తన కోసం. తన కోసం రాసుకున్నవే మిగిలాయి" అన్నారావిడ. ఆ పుస్తకం ఇప్పుడు మా దగ్గర కొత్త కుట్టు కోసం ఎదురుచూస్తోంది.

సంవత్సరం మారినంత మాత్రాన ఏ కాగితమూ ఆరదు. 1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది వరదకు ఫ్లోరెన్స్‌లోని జాతీయ గ్రంథాలయంలో తడిసిన పుస్తకాల మీద పని దశాబ్దాల తరబడి సాగింది. నాకు ఇప్పుడు కలుగుతున్న ధైర్యానికి కారణం జనవరి కాదు. నవంబరులో ఎవరు అడిగినా "చూద్దామండీ" అనడం తప్ప నా దగ్గర వేరే మాట లేదు. ఈ వారం ఒక్కొక్క పుస్తకానికి కట్టిన చీటీ మీద, చాలాకాలం తరువాత, తిరిగి ఇచ్చే తేదీ రాయగలుగుతున్నాను. ఆశ అన్న మాటకు ఈ ఏడాది నా దగ్గరున్న రుజువు అంతే, అది నాకు తక్కువగా ఏమీ తోచడం లేదు.

డబ్బు సంగతీ దాచను. కాగితం వ్యాపారి పాత బాకీ ఉండగానే మళ్ళీ అరువిచ్చారు. మా ఇద్దరు పనివాళ్ళలో ఒకరు ఇల్లు గడవడానికి వేరే చోట చేరారు, ఫిబ్రవరి నుంచి పూటపనికి వస్తామన్నారు. రెండవవారు జీతం ఆలస్యమైనా నిలబడ్డారు, కనుక ఇకపై వచ్చే మొదటి రాబడి ఆ బకాయికే వెళుతుంది. చేతిలో ఉన్న పని తగ్గేదాకా కొత్త మరమ్మతులకు అడ్వాన్సు తీసుకోము. తొందర పనులు మార్చి దాకా ఒప్పుకోలేము, దయచేసి బలవంతం చేయకండి, కాదనడం నాకు చేతకాదు.

పై అరల్లోని కాగితం తడవలేదు. దానితో తేదీలు లేని డైరీలు కుడుతున్నాము. ఈ ఆలోచన కూడా మీలో ఒకరిదే. ఏ నెలలో మొదలుపెట్టినా ముందు పేజీలు వృథా పోవు, మాకూ సీజను దాటిపోయే భయం ఉండదు. కాగితంలోని నార పోగులు పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండేట్టు కోసి, ఫారాలను దారంతో కుడుతున్నాము కనుక డైరీ తెరిచిన చోట చక్కగా పరుచుకుంటుంది. మొదటి విడత జనవరి నెలాఖరుకు సిద్ధమవుతుంది.

మరమ్మతు పుస్తకాలను వచ్చే సోమవారం నుంచి, ముందు ఇచ్చినవారికి ముందుగా తిరిగి ఇస్తాము. రసీదు నీళ్ళలో పోయిందో, ఇంట్లో కనబడడం లేదో అయినా ఫరవాలేదు, పుస్తకం పేరు చెబితే చాలు. ఇంటికి తీసుకెళ్ళి ఆరబెట్టినవారికి ఒక్క మనవి. పేజీలు అలలు తేలి ఉంటే వాటిని ఇస్త్రీ చేయకండి, ఎండలో పెట్టకండి. ఎలా ఉన్నది అలాగే తీసుకురండి, ఆ వంపులు తీయడానికి మా ప్రెస్సు ఉంది, దానికి ఇప్పుడు ఖాళీ కూడా ఉంది.