ఎన్నికల డబ్బుకు కళ్లెం వేసే పని రాష్ట్రాలదే

సంపాదకులకు నమస్కారం.

మాది తెనాలి దగ్గర పల్లె. న్యూజెర్సీకి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఇక్కడి పౌరసత్వం వచ్చాక ఏ ఎన్నికలోనూ ఓటు మానలేదు. అమెరికా ఎన్నికల మీద మీ పత్రికలో వార్తలకు లోటు లేదు. ఎవరు గెలిచారు, వీసాల సంగతి ఏమవుతుంది, గెలిచినవాళ్లలో మనవాళ్లెందరు, అన్నీ వస్తాయి. ఆ ఎన్నికల్లో పారే డబ్బు గురించి, దాన్ని ఆపడానికి రాష్ట్రాల శాసనసభల చేతిలో ఉన్న ఒక దారి గురించి మాత్రం నేను ఎక్కడా చదవలేదు. అందుకే ఈ ఉత్తరం.

2024 అక్టోబరులో అమ్మ మా దగ్గరే ఉంది. రోజూ పోస్టు డబ్బా నిండా దళసరి కాగితం మీద రంగుల్లో అచ్చేసిన ప్రచార కార్డులు వచ్చేవి. ఒకరోజు ఏడు వచ్చాయి. అందులో ఐదు ఒకే అభ్యర్థిని తిడుతున్నాయి. అమ్మ కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవన్నీ ఎవరు పంపారే?" అంది. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో కమిటీ పేరుంది. అభ్యర్థిది కాదు, పార్టీదీ కాదు. ఫోన్‌లో వెతికితే ఆ కమిటీకి డబ్బిచ్చింది మరో సంస్థ అని తేలింది. ఆ సంస్థకు ఎవరిచ్చారో ఎవరికీ చెప్పనక్కర్లేదట. "మనూళ్లో ముందురోజు రాత్రి కవర్లు ఎవరు పంచారో వీధి వీధంతా తెలుస్తుంది కదే" అంది అమ్మ. ఊళ్లో జరిగేది నేరం, అందులో అనుమానం లేదు. ఇక్కడ జరిగేది చట్టప్రకారమే జరుగుతోంది. నాకు బాధ కలిగించేది అదే.

2010 జనవరి 21న సిటిజన్స్ యునైటెడ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపుగా తీర్పిచ్చింది. కంపెనీలు, యూనియన్లు ఎన్నికల ప్రచారం మీద సొంతంగా ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చని, దాన్ని ఆపితే భావప్రకటన స్వేచ్ఛను ఆపినట్టేనని ఆ తీర్పు సారాంశం. రెండు నెలలకే మరో కోర్టు తీర్పుతో సూపర్ ప్యాక్‌లు, అంటే ఎంత డబ్బైనా పోగుచేసి అభ్యర్థులతో సంబంధం లేకుండా ప్రచారానికి ఖర్చుపెట్టే కమిటీలు, పుట్టుకొచ్చాయి. 2024లో నాలాంటి మనిషి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికలో నేరుగా ఇవ్వగలిగింది 3,300 డాలర్లు. అదే ఏడాది ఈలాన్ మస్క్ ఒక్కరే 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టారు.

మోంటానా రాష్ట్రం కథ నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. అప్పట్లో సెనేటర్లను, అంటే అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) పైసభ సభ్యులను, రాష్ట్రాల శాసనసభలే ఎన్నుకునేవి. 1899లో విలియం క్లార్క్ అనే రాగి గనుల యజమాని శాసనసభ్యులకు లంచాలిచ్చి సెనేటర్ అయ్యాడు. విచారణలో గుట్టు బయటపడి 1900లో రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ అనుభవంతో మోంటానా ప్రజలు 1912లో తామే ఓటేసి, కంపెనీల డబ్బు ఎన్నికల్లోకి రాకుండా చట్టం తెచ్చుకున్నారు. నూరేళ్లు నిలబడింది ఆ చట్టం. 2012లో సుప్రీంకోర్టు తన 2010 తీర్పునే చూపించి దాన్ని కొట్టేసింది.

మన దేశంలో 2024 ఫిబ్రవరి 15న ఎలక్టోరల్ బాండ్లను రద్దు చేసినప్పుడు, డబ్బెవరిచ్చారో తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని మన సుప్రీంకోర్టే చెప్పింది. ఇక్కడ రాజ్యాంగం పేరు చెప్పి కోర్టే అడ్డుపడింది కాబట్టి, ఇక రాజ్యాంగాన్ని సవరించడం తప్ప వేరే దారి లేదు. ఆ పని కాంగ్రెస్ చేస్తుందా? 2014 సెప్టెంబరులో సెనేట్‌లో ఆ ప్రయత్నం జరిగింది. అనుకూలంగా 54, వ్యతిరేకంగా 42. ముందుకు కదలాలంటేనే 60 కావాలి. అక్కడే ఆగిపోయింది.

రాజ్యాంగం ఐదో అధికరణంలో ఇంకో దారి ఉంది. మూడింట రెండు వంతుల రాష్ట్రాలు, అంటే 34 రాష్ట్రాల శాసనసభలు అడిగితే కాంగ్రెస్ రాజ్యాంగ సదస్సు, అంటే సవరణలు ప్రతిపాదించే సమావేశం, పిలిచి తీరాలి. అధ్యక్షుడి సంతకంతో పని లేదు. 2014లో వెర్మాంట్ ఎన్నికల డబ్బు విషయం మీద మొట్టమొదట ఇలా అడిగింది. అదే ఏడాది కాలిఫోర్నియా, ఇల్లినాయ్, 2015లో మా న్యూజెర్సీ, 2016లో రోడ్ ఐలాండ్. అంతే, అక్కడితో ఊపు తగ్గింది. 2021లో న్యూజెర్సీ, మరుసటి ఏడాది ఇల్లినాయ్ తమ అభ్యర్థనల్ని వెనక్కి తీసుకున్నాయి.

వెనక్కి తీసుకోవడానికి కారణం భయం. బడ్జెట్ లోటు లాంటి వేరే విషయాల మీద సదస్సు అడుగుతున్న రాష్ట్రాలు చాలానే ఉన్నాయి. ఒకసారి సదస్సు మొదలైతే అది ఎన్నికల డబ్బు దగ్గరే ఆగుతుందా, మొత్తం రాజ్యాంగాన్నే తిరగరాస్తుందా అని టెన్షన్. 1787లో ఫిలడెల్ఫియాలో రాష్ట్రాల మధ్య ఉన్న పాత ఒప్పందాన్ని సరిచేయడానికి కూర్చున్నవాళ్లు కొత్త రాజ్యాంగమే రాసి లేచారు కాబట్టి ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ సదస్సు ఏం ప్రతిపాదించినా 38 రాష్ట్రాలు ఆమోదిస్తేనే చెల్లుతుంది. పదమూడు రాష్ట్రాలు కాదంటే చాలు, ఆగిపోతుంది. పైగా సదస్సు దాకా వెళ్లే అవసరమే రాకపోవచ్చు. సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్న సవరణను సెనేట్ ఏళ్ల తరబడి తొక్కిపెట్టింది. సదస్సు కావాలని అడిగే రాష్ట్రాల సంఖ్య పెరిగి ముంచుకొచ్చేసరికి 1912లో కాంగ్రెస్సే ఆ సవరణను ఆమోదించి పంపింది, 1913లో అమల్లోకి వచ్చింది. క్లార్క్ లాంటివాళ్లు సెనేట్ సీటు కొనుక్కునే పాత దారి అలా మూసుకుపోయింది. అందుకే మా రాష్ట్రం చేతిలో ఉన్న ఆ కాగితాన్ని తనంతట తాను చించుకోవడం నాకు మింగుడుపడటం లేదు.

న్యూజెర్సీలో నలభై నియోజకవర్గాలు. ఒక్కోదానికి రాష్ట్ర శాసనసభలో ఒక సెనేటర్, ఇద్దరు అసెంబ్లీ సభ్యులు. నా ముగ్గురికీ ఉత్తరాలు రాశాను, ఆ అభ్యర్థనను మళ్లీ పంపమని. మన తెలుగువాళ్లు అభ్యర్థుల కోసం విందులు చేస్తారు, చెక్కులు ఇస్తారు, పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. తప్పేం లేదు, నేనూ వెళ్లాను. ఈసారి వెళ్లినప్పుడు ఫొటో అయ్యాక ఆ చేయి వదలకుండా ఒక్క మాట అడగండి: ఎన్నికల డబ్బు మీద సదస్సు అడిగే తీర్మానం మీ సభకు వస్తే ఓటేస్తారా, వేయరా? వాళ్లు ఏం చెప్పారో ఈ పత్రికకు రాయండి. సంపాదకులు వాటిని అచ్చువేస్తారని ఆశ.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బ్రిడ్జ్‌వాటర్, న్యూజెర్సీ