వాన కబురు ఇంకొంచెం పెద్దగా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం. మాది నల్లగొండ జిల్లా, వానను నమ్ముకొని పత్తి వేసే ఇల్లు. మీ పేపర్ రాగానే నేను ముందు చూసేది మూలకు ఉండే వాతావరణం ముక్కనే. ఆ ముక్క వెనుక ఒక నావికాధికారి కష్టం ఉందని ఈ మధ్యే తెలిసింది, తెలిసినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు.

ఆయన రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. పన్నెండేళ్లకే బ్రిటిష్ నౌకాదళ కాలేజీలో చేరి, 23 ఏళ్లకే బీగిల్ ఓడకు కెప్టెన్ అయ్యాడు. 1831లో డార్విన్‌ను ఎక్కించుకొని బయలుదేరి, 1836 నాటికి ప్రపంచం చుట్టివచ్చింది ఆ ఓడలోనే, అందరికీ డార్విన్ పేరే గుర్తు. తర్వాత న్యూజిలాండ్‌కు గవర్నర్ అయ్యాడు, అది కలిసిరాలేదు. నన్ను కదిలించింది మాత్రం ఆ తర్వాతి పని. 1859లో రాయల్ చార్టర్ అనే ఓడ తుపానులో పగిలి 400 మందికి పైగా చనిపోతే, ముందే చెప్పగలిగితే ఇంతమంది పోయేవారా అని ఆలోచించి, తీరం పొడుగునా టెలిగ్రాఫ్‌లో కబుర్లు తెప్పించుకొని, 1861లో రేవులకు తుపాను హెచ్చరికలు పంపడం మొదలుపెట్టాడు. అదే ఏడాది ఆగస్టు 1న లండన్ టైమ్స్‌లో రేపటి వాతావరణం అచ్చయింది. తప్పినప్పుడు ఎగతాళి చేశారు, అయినా మానలేదు. సొంత డబ్బంతా ఖర్చు పెట్టుకొని 1865లో అప్పులతో పోయాడు.

మృగశిర కార్తెలో ఒక్క వాన చూసి గింజలు పెట్టి, తర్వాత పదిహేను రోజులు మొగులు వైపు చూసే టెన్షన్ మాకు తెలుసు. నిరుడు రెండుసార్లు విత్తినం. జూన్, జూలై నెలల్లోనైనా మండలాల వారీగా అయిదు రోజుల వాన సూచన మొదటి పేజీలో, ముసలివాళ్లకు కూడా కనపడేంత అక్షరాలతో వేయండి.

– ఒక పత్తి రైతు, నల్లగొండ జిల్లా