అప్పడాల ప్యాకెట్ మీద పసుపు స్టిక్కర్ ఎందుకు తీసేశామంటే

బరంపురంలో మా దగ్గర అప్పడాలు కొనేవాళ్లకీ, ఇచ్ఛాపురం, సోంపేట కొట్లవాళ్లకీ ఒక మాట. ‘ప్రతి ప్యాకెట్టూ తూచినది’ అనే స్టిక్కర్ ఈ నెల నుంచి ఉండదు. ప్రతి ప్యాకెట్టూ తూచడం మానేశాం కాబట్టి. ‘అయితే తనిఖీ ఖర్చు మిగుల్చుకుంటున్నారన్నమాట’ అని ఒక పాత ఖాతాదారు మొహమాటం లేకుండా అడిగేశారు. అవునండీ, మిగుల్చుకుంటున్నాం.

ఇదివరకు ఇద్దరు పొద్దస్తమానం కాటా దగ్గరే కూర్చునేవారు. తూకం తగ్గిన ప్యాకెట్ చింపడం, ఒక అప్పడం వెయ్యడం, కొత్త కవర్లో మళ్లీ సీలు చెయ్యడం. తప్పు ఎక్కడ పుడుతోందో ఆ కాటా ఏనాడూ చెప్పలేదు.

ఇప్పుడు గంటకోసారి వరసగా ఐదు 200 గ్రాముల ప్యాకెట్లు తూస్తాం. 203, 205, 202, 206, 204 గ్రాములు వచ్చాయనుకోండి. సగటు 204, పెద్దదానికీ చిన్నదానికీ తేడా 4. రెండూ గోడమీది గ్రాఫ్ కాగితం మీద చుక్కలవుతాయి. కాగితం మీద రాతలు ఒడియాలోనూ తెలుగులోనూ ఉంటాయి, మా వాళ్లు రెండూ కలిపే మాట్లాడతారు మరి. తేడా మామూలుగా 4 దగ్గరే ఉంటే, దాన్ని 0.577తో హెచ్చవేసి సగటుకి పైనా కిందా గీతలు గీస్తాం: 206.3, 201.7. ఐదేసి తూచేవాళ్లకి ఆ 0.577 ఖాయం. 1924లో వాల్టర్ షూహార్ట్ అనే ఆయన టెలిఫోన్ సామాను తయారీ కోసం కనిపెట్టిన పద్ధతి ఇది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పిలిస్తే 1947-48లో మన దేశానికీ వచ్చారాయన.

చుక్కలు గీతల మధ్య అటూ ఇటూ ఊగుతున్నంతసేపు మిషన్ ముట్టుకోకూడదు. మా ఆపరేటర్‌కి ఇదే మింగుడుపడలేదు. చుక్క కాస్త దిగితే చాలు, రోలర్ స్క్రూ బిగించాలని చెయ్యి లాగేసేది. అలా తిప్పినకొద్దీ తేడా పెరుగుతుందే గానీ తగ్గదు. గీత దాటినా, చుక్కలు వరసపెట్టి ఒకే వైపు పాకుతున్నా కారణం వెతకాలి. ముసురు రోజుల్లో పైకి పాకాయంటే అది కొసరు కాదు, ఆరని అప్పడంలోని నీళ్ల బరువు. ఆ సరుకు బూజు పడుతుంది కాబట్టి మళ్లీ ఆరబోతకే పంపుతాం. కాటా దగ్గరి ఇద్దరూ ఇప్పుడు చూసుకునేది ఆ ఆరబోతనే.

ఇక మీకు నచ్చని సంగతి. 200కి తగ్గుతుందేమోనన్న భయంతో ఇన్నాళ్లూ కాస్త ఎక్కువే పెట్టేవాళ్లం. తేడా 2కి దిగితే 203 దగ్గర నిలబెట్టినా దాదాపు ఏ ప్యాకెట్టూ 200 తగ్గదు. అంటే మీ కొసరు కొంత పోతుంది. ధర తగ్గిస్తారా అంటే, లేదు, మినప్పప్పు ధర మా చేతుల్లో లేదు. 200 గ్రాముల ప్యాకెట్‌కి చట్టం 9 గ్రాముల దాకా తరుగు ఒప్పుకుంటుంది, సగటు మాత్రం తగ్గకూడదంటుంది. ఆ 9 గ్రాములు మేం వాడుకోం. 200కి తగ్గిన ప్యాకెట్ ఎవరికైనా వస్తే బ్యాచ్ నంబరు చెప్పండి, మార్చి ఇస్తాం.

ఆవకాయ సీసాలకి ఈ పద్ధతి ఇంకా పెట్టలేదు. ముక్క ఒక సైజులో ఉండదు, నూనె చేత్తో పోస్తాం. వాటిని ఒక్కొక్కటీ తూస్తూనే ఉన్నాం.