ఎన్నూర్ క్రీక్ కోసం వచ్చిన వాళ్లందరికీ ఎర్నావూర్ నుంచి

2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుపాను మనవైపు బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, అంతకుముందే చెన్నైని ముంచేసింది. ఉత్తర చెన్నైలోని మా ఎర్నావూర్ ఇళ్లలోకి వచ్చిన వరదలో నీళ్లతో పాటు నల్లటి నూనె కూడా ఉంది. అదే నూనె బకింగ్‌హామ్ కాలువలో పడి, కొసస్థలై నదికి చేరి, అది సముద్రంలో కలిసే చోట ఉన్న ఎన్నూర్ క్రీక్ అంతా పరుచుకుంది. బాధ్యత ఎవరిదన్నది పర్యావరణ కేసులు చూసే హరిత ట్రిబ్యునల్ సంగతి. నేను ఇది రాస్తున్నది థాంక్స్ చెప్పడానికి.

మొదటి దండం కుప్పాల (ఇక్కడి తీరపు పల్లెల) మత్స్యకార అన్నలకి. మిషన్లూ, నూనెను అడ్డుకునే తేలే కంచెలూ వచ్చేలోపే వాళ్లు పడవలు తీసుకెళ్లి మగ్గులతో, బకెట్లతో నూనె తోడి డ్రమ్ముల్లో నింపారు. చేతులు దురద, కళ్లు మంట. వలలు పాడై, పట్టిన చేపల్ని కొనేవాళ్లు లేని రోజుల్లో చేసిన పని అది. 2017 జనవరిలో ఇదే తీరంలో రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు కూడా జనం బకెట్లే పట్టుకున్నారు. మధ్యలో ఇన్నేళ్లు గడిచినా ఆ బకెట్లు మారకపోవడం నాకైతే సిగ్గుగానే ఉంది.

గ్లవ్స్, గోనె సంచులు, పాత చీరలు పంపిన చాకలిపేట బట్టల షాపుల తెలుగువాళ్లకి, నగరి నుంచి లారీలో బియ్యం వేసి పంపిన బంధువులకి నమస్కారాలు. నగరి ఏటి నీళ్లు కూడా పూండి మీదుగా కొసస్థలైలో కలిసేవే కదా, ఒకే ఏటి వాళ్లం.

పశువైద్యం చదువుతున్న మా వీధి అమ్మాయికి విడిగా చెప్పాలి. ఒళ్లంతా నూనె అంటిన గూడబాతులు ఎగరలేక గట్టున నిలబడి ఉంటే, పిల్లలు జాలిపడి షాంపూ నీళ్లు కలుపుతున్నారు. ఆ అమ్మాయి ఆపింది. నూనె పట్టిన ఈకలు తడిని ఆపలేవు, పక్షి చలికి వణుకుతుంది, ముక్కుతో ఈకలు సర్దుకుంటూ ఆ నూనే మింగేస్తుంది. అలాంటి పక్షిని కంగారుగా కడిగితే భయానికే చచ్చిపోవచ్చట. ముందు వెచ్చగా, చీకటిగా, గాలి ఆడే పెట్టెలో ఉంచి అటవీశాఖకి ఫోన్ చేయాలని చెప్పింది, చేయించింది కూడా. నేలపట్టు పక్షుల కేంద్రంలో మనం పిల్లల్ని తీసుకెళ్లి చూపించే గూడబాతులే ఇవి. దగ్గరగా చూస్తే ఎంత పెద్ద పక్షో!

కోరంగి మడ అడవుల గురించి బాగా తెలిసిన కాకినాడ రిటైర్డ్ లెక్చరర్ గారు ఫోన్‌లోనే మాకు ఎంత నేర్పారో. మా కుర్రాళ్లు మడ చెట్ల కింద దిగి నూనె గీకేద్దామని ఉత్సాహంగా ఉన్నారు. ఆయన ససేమిరా వద్దన్నారు. మడ చెట్టు బురదలోంచి మేకుల్లా పైకి లేచిన వేర్లతో గాలి పీలుస్తుంది. పోటు వచ్చినప్పుడు నూనె వాటిదాకా ఎక్కి, పాటుకి నీళ్లు దిగిపోయినా అక్కడే పట్టుకుని ఉండిపోతుంది. మనం తొక్కితే వేర్లు విరుగుతాయి, పైనున్న నూనె బురద లోపలికి దిగుతుంది, ఇక అది ఏళ్ల తరబడి పోదు. అందుకే పోటు మీద పడవలో వెళ్లి, నీటిపైన తేలేది మాత్రమే తీయమన్నారు. రొయ్యపిల్లలూ, పీతలూ పెరిగేది ఆ వేర్ల మధ్యే కాబట్టి, ఆయన మాట విన్నందుకు రేపు లాభపడేది చేతులతో తడిమి రొయ్యలు పట్టే ఆడవాళ్లే.

టిఫిన్లు, టీలు పంపిన అక్కలూ, పేరు చెప్పొద్దన్న డాక్టరు గారూ, మీకూ థాంక్స్.

చందాల్లో మిగిలిన డబ్బు వలలకే ఇస్తున్నాం. బట్టలు ఇక వద్దు, చాలా ఉన్నాయి. లెక్కల పుస్తకం మా వీధి చివర కిరాణా కొట్టులో పెట్టాం, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.