తీర్పులు అడిగావుగా, ఇవిగో

ప్రియ మిత్రమా,

వీడియో ఆటల గురించి నువ్వు రాసిన ఉత్తరం అందింది. "నీ సమీక్షలు చదివేలోపు ఆటే పూర్తయిపోతుంది, ఒక్కోదాని గురించి రెండు ముక్కల్లో చెప్పు, ఆడాలా వద్దా, అంతే" అని రాశావు. సరే, చెబుతాను. కొన్ని ఆటలకు రెండు ముక్కలు చాలు. కొన్నిటికి చాలవు, అక్కడ నువ్వు కాస్త ఓపిక పట్టాలి.

ముందు నా కొలత ఏమిటో చెప్పనీ, లేకపోతే నా తీర్పులు నీకు అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. బొమ్మలు ఎంత నిజంలా ఉన్నాయి, కథ ఎన్ని గంటలు సాగుతుంది, ప్రపంచం ఎంత పెద్దది, ఇవేవీ నేను మొదట చూడను. ఆడేవాడి చేత ఆ ఆట ఏం చేయిస్తోంది? అది చెప్పదలచుకున్నది ఆ పనిలోనే ఉందా, లేక పని ఒక దారిన, మాట ఒక దారిన పోతున్నాయా? ఆటలో చేసేది మనమే. మరే కళకూ లేని ఆ బలాన్ని వాడుకోని ఆట ఎంత అందంగా ఉన్నా నా దగ్గర సగం మార్కులే.

పాతవాటితో మొదలుపెడతాను. టెట్రిస్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ దీన్ని రాసిన ఎలెక్ట్రోనికా 60 యంత్రానికి బొమ్మలు గీసే శక్తే లేదు. బ్రాకెట్ గుర్తులను పక్కపక్కన పేర్చి ముక్కలు చూపించాడు. ఆట మొత్తం అప్పటికే అక్కడ ఉంది: ఏడు ఆకారాలు, పూడ్చాల్సిన ఖాళీ, తగ్గిపోతున్న సమయం. తర్వాత వచ్చి చేరిన రంగులూ సంగీతమూ తీసేసినా దానికి నష్టం లేదు.

1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ అరగంట ఆడు, అంతకు మించి అక్కర్లేదు. కానీ ఆ అరగంటలో ఒకటి గమనించు. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు వేగం అందుకుంటారు. నిజానికి తెర మీద గీయాల్సినవి తగ్గడంతో ఆ యంత్రమే వేగంగా పనిచేసేది. ఆ ఆట తయారుచేసిన తొమొహిరో నిషికాడో దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచాడు. గెలుపు దగ్గరపడేకొద్దీ గుండె వేగం పెంచే పద్ధతి అలా పుట్టింది. ప్యాక్‌మ్యాన్ మాత్రం ఈనాటికీ గంటలు గంటలు ఆడవచ్చు. అందులో నిన్ను తరిమే దయ్యాలకు వేరువేరు స్వభావాలున్నాయి: ఎర్రది నీ వెంటపడుతుంది, గులాబీది నువ్వు వెళ్లబోయే చోటికి ముందే బయలుదేరుతుంది. అది తెలిశాక ఆట పూర్తిగా కొత్తగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఆటలు తయారుచేసేవాళ్లలో నాకు ప్రాణమైన మనిషి దగ్గరికి వస్తాను: లూకస్ పోప్. 2013లో వచ్చిన పేపర్స్, ప్లీజ్‌లో నువ్వు అర్స్టోట్స్కా అనే కల్పిత దేశపు సరిహద్దులో గుమాస్తావి. వచ్చినవాడి పాస్‌పోర్టు, అనుమతిపత్రం చూడాలి, పేరూ తేదీలూ సరిపోయాయో లేదో పోల్చాలి, ముద్ర వేయాలి. ఎంతమందిని చూస్తే అంత జీతం. సాయంత్రానికి ఆ డబ్బుతో ఇంట్లో తిండీ వెచ్చదనమూ మందులూ అన్నీ కొనలేవు. ఒక రోజు ఒకాయన కాగితాలన్నీ సరిగ్గా ఉండి లోపలికి వెళతాడు, వెనకే వస్తున్న తన భార్య మీద దయ చూపమంటాడు. ఆమె దగ్గర ప్రవేశ అనుమతి ఉండదు. ముద్ర నీ చేతిలో ఉంది. నియంతృత్వం మామూలు మనుషుల చేత ఎలా పని చేయించుకుంటుందో ఎన్నో వ్యాసాల్లో చదివాం. ఇక్కడ వరస పెరిగిపోతోంటే విసుగొచ్చి ఒక మనిషి మొహం కూడా చూడకుండా నువ్వే తిరస్కరించే ఎర్ర ముద్ర కొడతావు. తప్పక ఆడు.

అదే మనిషి 2018లో చేసిన రిటర్న్ ఆఫ్ ది ఒబ్రా డిన్ ఇంకా గొప్పది. గల్లంతైన ఓడ 1807లో తిరిగొస్తుంది, ప్రాణంతో ఉన్నవాడు ఒక్కడూ కనిపించడు. నువ్వు ఈస్ట్ ఇండియా కంపెనీ తరఫున నష్టం లెక్క కట్టడానికి వెళతావు. నీ దగ్గర ఒక గడియారం ఉంటుంది. శవం పక్కన దాన్ని తెరిస్తే ఆ మనిషి ఆఖరి క్షణపు మాటలు వినిపిస్తాయి, ఆ తర్వాత ఆ దృశ్యం కదలకుండా నీ చుట్టూ నిలబడిపోతుంది. ఆ ఓడలోని అరవైమందికీ పేరేమిటో, ఏమయ్యారో తేల్చాలి. ఒకడి మాట యాస, ఒకడు పడుకునే ఊయల మీది అంకె, ఇంకొకడి కాళ్లకున్న మేజోళ్లు, ఇవే ఆధారాలు. ముగ్గురి వివరాలు సరిగ్గా కుదిరితేనే ఆట ఒప్పుకుంటుంది కాబట్టి ఒక్కొక్కరినీ ఊహించి నెట్టుకుపోవడం కష్టం. డిటెక్టివ్ కథలతో వచ్చే చాలా ఆటల్లో హీరోయే కనిపెడతాడు, మనం బటన్ నొక్కుతాం. ఇందులో కనిపెట్టేది నువ్వే. కాగితం, కలం పక్కన పెట్టుకో.

నా కొలతకు అన్నిటికన్నా చక్కని ఉదాహరణ 2017 నాటి వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్‌లో ఉంది. ఆట మొత్తం ఒక సాయంత్రంలో అయిపోతుంది. అందులో చేపల కర్మాగారంలో పనిచేసే ఒక అబ్బాయి భాగం వస్తుంది. కంట్రోలర్ మీద కుడిచేత్తో చేపను పట్టుకోవాలి, కత్తి కిందికి తోయాలి, తల తెగాక పక్కకు విసరాలి. మళ్లీ ఇంకో చేప. అదే సమయంలో ఎడమచేత్తో ఆ అబ్బాయి ఊహించుకుంటున్న రాజ్యంలో నడుస్తూ ఉండాలి. ఆ రాజ్యం తెర మీద ఒక మూల చిన్నగా మొదలై, పెరిగి పెరిగి చేపలను కప్పేస్తుంది. కుడిచెయ్యి మాత్రం ఆగదు. కాసేపటికి అది ఏం చేస్తోందో కూడా నీకు పట్టదు. ఆ అబ్బాయి మనసు ఎక్కడికి జారిపోయిందో నీ రెండు చేతులకూ తెలిసిపోతుంది. తర్వాత ఏమవుతుందో చెప్పను. ఆ కొద్ది నిమిషాల కోసమే ఆ ఆట కొనవచ్చు.

ఇక పెద్ద ఆటలు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 నీకు చాలా ఇష్టమని తెలుసు, అయినా నా మాట ఇదే. ఆ ప్రపంచం అద్భుతం. వేటాడిన జంతువు చర్మం తీయడానికి పట్టే సమయం, గుర్రాన్ని మచ్చిక చేసుకోవడం, ఆ నెమ్మది అంతా నాకూ నచ్చింది. కానీ కథలోని పని మొదలవగానే స్వేచ్ఛ అంతా మాయం. చెప్పిన దారి వదిలి నాలుగడుగులు పక్కకు వేస్తే విఫలం అంటుంది. ఎవరి అదుపులోనూ బతకలేనివాళ్ల కథ చెబుతూ ఆడేవాడికి సంకెళ్లు వేయడమేమిటి? ఊరికే తిరిగేటప్పుడు గొప్పది, కథ నడిచేటప్పుడు సగమే గొప్పది. నువ్వు కోప్పడినా నేను మార్చుకోను.

ది విచర్ 3లో కత్తియుద్ధం సాదాసీదాగా ఉంటుంది, రచన మాత్రం మొదటి తరగతి. బ్లడీ బారన్ అనే తాగుబోతు తండ్రి కథలో మంచి ముగింపు కోసం వెతికి అలసిపోతావు. ఆడు, మ్యాపు మీది ప్రశ్నార్థకాలన్నీ తిరగకు. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌కు పూర్తి మార్కులు. దూరంగా ఏ కొండ కనిపించినా ఎక్కవచ్చు, ఎక్కాక మరో వింత కనిపిస్తుంది. ఆయుధాలు విరిగిపోతున్నాయని అందరూ గొణుగుతారు. అవి విరగకపోతే ఒకే కత్తితో ఆట అంతా గడిపేసేవాళ్లం, బండరాళ్లు దొర్లించడం, గడ్డికి నిప్పు పెట్టడం ఎవరూ నేర్చుకునేవారు కాదు.

నో మ్యాన్స్ స్కైలో గ్రహాలు పద్దెనిమిది క్వింటిలియన్లకు (పద్దెనిమిది పక్కన పద్దెనిమిది సున్నాలు) పైనే ఉన్నాయి. 2016లో వచ్చినప్పుడు అంతా ఉత్త ఖాళీ. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉచితంగా కొత్తవి చేరుస్తూ వచ్చిన తీరును నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. అయినా పదో గ్రహం మీద దిగేసరికి పదకొండోది ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

"కష్టమైనవి నాకు వద్దు" అన్నావు కదా. డార్క్ సోల్స్ గురించి అందరూ కష్టమనే చెబుతారు. దాని అసలు గొప్పదనం కట్టడంలో ఉంది. భయపడుతూ, చస్తూ, ఎంతో దూరం వచ్చేశామనుకున్న చోట ఒక లిఫ్టు కనిపిస్తుంది, ఎక్కి దిగితే మొదట బయలుదేరిన నెగడు పక్కనే ఉంటాం. మొదటి సగం కళాఖండం. చివరికొచ్చే లాస్ట్ ఇజలిత్ అనే ప్రాంతం తొందరలో ముగించినట్టుంది. నీకు సెలెస్టే సరిపోతుంది. కొండెక్కే అమ్మాయి కథ. కష్టమైనదే, కానీ దయగలది. పడిన మరుక్షణం మళ్లీ నిలబెడుతుంది. అంచు దాటిపోయాక కూడా రెప్పపాటు సేపు గెంతనిస్తుంది. అప్పటికీ కష్టమైతే ఆట వేగం తగ్గించుకునే వీలుంది, దానికి నిన్ను చిన్నబుచ్చదు. కుంగుబాటుతో పోరాడే అమ్మాయి గురించిన ఆట ఇలాగే ఉండాలి.

క్యాండీ క్రష్ వద్దు. పనితనం బాగుంది, కాదనను. కానీ ఐదు ప్రాణాలు ఇచ్చి, అవి అయిపోయాక ఒక్కోదానికి అరగంట ఆగమనడంలో, ఆగలేకపోతే డబ్బు కట్టమనడంలో ఆట ఎక్కడుంది? లోపల ఏముందో చెప్పకుండా పెట్టెలు అమ్మేవి ఇంకా అన్యాయం. వాటిని 2018లో బెల్జియం జూదం కింద లెక్కగట్టింది, ఆ పని మిగతా దేశాలూ చేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. మీ అమ్మాయి ఫోనులో అలాంటివి ఉంటే ఇవాళే తీసేయి. తనకు మైన్‌క్రాఫ్ట్ కొనిపెట్టు. ఏం చేయాలో అది చెప్పదు, కాబట్టి తనే ఏదో ఒకటి తలపెడుతుంది.

జర్నీని ఇంటర్నెట్ కలిపి ఆడు. ఎడారిలో ఎవరో ఎదురవుతారు. పేరు కనిపించదు, మాట్లాడలేవు, ఒక చిన్న కూత పెట్టగలవు, అంతే. అయినా చలిలో ఒకరినొకరు అంటిపెట్టుకుని నడుస్తారు. ఆట ముగిశాకే ఆ పేరు చూపిస్తుంది.

చివరిది, అన్నిటికన్నా ముందు ఆడాల్సింది: ఔటర్ వైల్డ్స్. అంతరిక్ష నౌకలో గ్రహాలన్నీ తిరిగే ఆట. ఇరవై రెండు నిమిషాలకు సూర్యుడు పేలిపోతాడు, నువ్వు మళ్లీ మొదట లేచిన చోటే లేస్తావు. కొత్త ఆయుధాలు లేవు, పెరిగే బలం లేదు. ఒక విడత నుంచి ఇంకో విడతకు నీ వెంట వచ్చేది నువ్వు తెలుసుకున్నది మాత్రమే. అన్నీ తెలిసినవాడు ఒకే విడతలో ముగించగలడు, అయినా ఆ తెలుసుకోవడానికి నీకు వారాలు పడతాయి, ఒక్క రోజూ వృథా అనిపించదు. దాని గురించి ఎక్కడా చదవకు, నేను రాసింది కూడా. ఇరుక్కుపోతే నన్నడుగు, జవాబు చెప్పను గానీ ఎటు చూడాలో చెబుతాను.

మొదట ఏ గ్రహం మీద దిగావో రాయి.

నీ నేస్తం