నిచ్చెన లెక్క గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల వార్తాలేఖలో సైన్స్ ఫెయిర్ గురించి రాద్దామనుకున్నాం. కానీ తొమ్మిదో తరగతి యూనిట్ టెస్టులో వచ్చిన నిచ్చెన లెక్క మీద వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్న చర్చ చూశాక, ముందు దాని సంగతే రాయాల్సి వస్తోంది. సిలబస్‌లో లేదని కొందరు, కావాలనే మెలిక పెట్టారని కొందరు, అందరికీ మార్కులు కలపాల్సిందేనని ఇంకొందరు. ఒకరైతే మా లెక్కల మాస్టారికి రాత్రి పదింటికి ఫోన్ చేసి మరీ నిలదీశారు.

ఇంతకీ ప్రశ్న ఇది. 2.5 మీటర్ల నిచ్చెనను గోడకు ఆనించారు. నిచ్చెన అడుగు గోడకు 0.7 మీటర్ల దూరంలో ఉంది. పై కొస ఎంత ఎత్తులో గోడను తాకుతుంది? ఇందులో మెలిక ఎక్కడుందో నాకైతే కనబడలేదు. గోడ, నేల, నిచ్చెన కలిసి లంబకోణ త్రిభుజం. లంబకోణానికి ఎదురుగా ఉన్న నిచ్చెనే కర్ణం. పైథాగరస్ సూత్రం ప్రకారం మిగతా రెండు భుజాల వర్గాలు కలిపితే కర్ణం వర్గం వస్తుంది. కర్ణం తెలుసు కాబట్టి దాని వర్గంలోంచి తెలిసిన భుజం వర్గం తీసేయాలి. 6.25లోంచి 0.49 పోతే 5.76, దాని వర్గమూలం 2.4 మీటర్లు. మన పిల్లల్లో చాలామంది తీసేయడానికి బదులు కలిపారు. 6.74కు వర్గమూలం కట్టి, సుమారు 2.6 అని రాసి, కింద స్కేలుతో రెండు గీతలు కూడా కొట్టారు. రెండున్నర మీటర్ల నిచ్చెన, అదీ ఏటవాలుగా పెట్టింది, తన పొడవుకు మించిన ఎత్తుకు ఎలా చేరిందని ఒక్కరికీ అనుమానం రాలేదు! మార్కులు పోతే పోయాయి, ఆ అనుమానం రాకపోవడమే నాకు కష్టంగా ఉంది.

ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువేనని స్టాఫ్ రూములో అందరికీ తెలుసు. లెక్క చేసే ముందు బొమ్మ గీయాలి. లంబకోణం ఎక్కడుందో చూసి చిన్న చదరం పెట్టాలి, దానికి ఎదురుగా ఉన్న భుజం మీద కర్ణం అని రాయాలి. ఆ తర్వాతే పెన్ను అంకెల మీదికి వెళ్లాలి. కర్ణం మిగతా రెండు భుజాల కన్నా పెద్దది, ఆ రెండూ కలిపిన దానికన్నా చిన్నది. ఇది గుర్తుంటే చాలు, వచ్చిన జవాబు కుదురుతుందో లేదో సగం అక్కడే తేలిపోతుంది. అంతేగాని "ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్" అని వల్లె వేసి, కంటికి కనబడిన రెండు అంకెల్నీ అందులో పడేస్తే అది లెక్క కాదు. బొమ్మ లేని నోట్సు మీద ఇకనుంచి ఎవరూ సంతకం పెట్టవద్దని మాస్టార్లకు చెప్పాను.

టెస్టు మర్నాడు మాస్టారు పిల్లల్ని సైకిల్ స్టాండు పక్క గోడ దగ్గరికి తీసుకెళ్లి, పెయింటర్ల నిచ్చెన వేయించి టేపుతో కొలిపించారు. ఎండలో నిలబెట్టారని కూడా ఫిర్యాదు వచ్చింది. అక్కడ చెట్టు నీడ ఉందండీ. అప్పుడే బి సెక్షన్ అమ్మాయి ఒకతె అసలు ఈ గోడ నిటారుగా ఉందో లేదో ముందు చూడాలి కదా అంది. వాళ్ల నాన్న భవానీపురంలో తాపీ మేస్త్రి. పునాదికి ముగ్గు పోసేటప్పుడు ఒక దారం మీద మూడడుగులు, రెండో దారం మీద నాలుగడుగులు గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య సరిగ్గా ఐదడుగులు వస్తేనే మూల కుదిరినట్టట. నేల మీద సుద్దముక్కతో గీసి మరీ చూపించింది. ఆ పిల్లను చూస్తే ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఇంకో అడుగు ముందుకేశాడు. స్వరాజ్ మైదానంలో అంబేడ్కర్ విగ్రహం పీఠంతో కలిపి 206 అడుగులు. అడుగుభాగం నుంచి 200 అడుగుల దూరంలో నిలబడితే మన పాదాల దగ్గర్నుంచి విగ్రహం తల దాకా సుమారు 287 అడుగులని కట్టాడు. "కానీ మేడమ్, చూసేది కంటితో కదా" అని ఐదడుగులు తగ్గించి, 283న్నర అని రెండో జవాబు కూడా రాసుకొచ్చాడు. ఎవరూ అడగలేదు!

ఇక ఇంటి సంగతి. హోంవర్క్ నోట్సుల్లో ఇవే లెక్కలు తప్పులేకుండా ఉన్నాయి. కొన్నింట్లో అంకెల తీరు చూస్తే పెద్దవాళ్ల చేతిరాతని తెలిసిపోతూనే ఉంది. మీ శ్రద్ధకు సంతోషమే. కాకపోతే ఫొటో తీస్తే జవాబిచ్చే యాప్‌ను పిల్లల చేతికిచ్చి, ట్యూషన్ టైమవుతోంది తొందరగా ఎక్కించెయ్యమంటే, పరీక్ష హాల్లో ఆ ఫోన్ ఉండదు కదండీ. పిల్లలు తప్పు చేస్తే చేయనివ్వండి, తప్పు నోట్సు పంపినా మేమేం అనుకోం.

రెండో టర్మ్ ఫీజు గడువు, దసరా సెలవుల తేదీలు డైరీలో అంటించాం, బెంజ్ సర్కిల్ రూటు బస్సు సోమవారం నుంచి పది నిమిషాలు ముందే వస్తుంది, ఐడీ కార్డు మరవకండి.

మార్కులు కలపడం లేదు. వచ్చే శుక్రవారం మూడో పీరియడ్‌లో మళ్లీ చిన్న టెస్టు పెడుతున్నాం, కావలసిందల్లా స్కేలు, పెన్సిలు. ఆలోగా ఆదివారం ఒక లెక్క ఇంట్లో అందరూ కలిసి చేయండి. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో ఇచ్చిన లెక్క ఇది. 32 మూరల వెదురు గాలికి విరిగి, కొస మొదలుకు 16 మూరల దూరంలో నేలను తాకింది. ఎన్ని మూరల ఎత్తులో విరిగింది? జవాబు 12. ముందే చెప్పేశాను కాబట్టి ఫోన్‌లో వెతకాల్సిన పని లేదు. 12 ఎలా వచ్చిందో బొమ్మతో సహా సోమవారం నోట్సులో పంపించండి, పిల్లల చేతిరాతతో.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
విజయవాడ